అంబాసిడర్ రింగుల గ్యాప్ 1.8 మి.మీ.: ఏ సైజు కొనాలి

అన్నా, చిత్తూరులోని మీ 1978 అంబాసిడర్ పెట్రోలు బండికి తిరుపతిలో కొన్న స్టాండర్డ్ (అసలు సైజు) పిస్టన్ రింగు బోరులో, అంటే సిలిండర్ రంధ్రంలో పెడితే రింగు కొనల మధ్య గ్యాప్ 1.8 మి.మీ. వస్తోందన్నారు. రింగులో లోపం లేదు. మీ ఇంజన్ బ్లాక్ ఇంతకుముందే బోరింగ్ (బోరును కోసి పెద్దది చేయడం) అయ్యుంటుంది.

లెక్క చూడండి. 1489 సీసీ ఇంజన్ అసలు బోరు 73.025 మి.మీ., ఉండాల్సిన గ్యాప్ సుమారు 0.25. బోరు 10 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెరిగితే స్టాండర్డ్ రింగు గ్యాప్ 0.8 మి.మీ. పెరుగుతుంది. మీ కొలత 20 థౌ ఓవర్‌సైజుకి సరిపోతోంది. పిస్టన్ తల మీద కార్బన్ గీకితే 020 అని పంచ్ కనిపించాలి.

అంతమాత్రాన 020 రింగులు కొనేయకండి, అరిగిన బోరు కూడా గ్యాప్ పెంచుతుంది. లేత్ షాపులో బోర్ గేజ్‌తో పైన, మధ్యన, కింద, అడ్డంగా నిలువుగా కొలిపించండి. అంతటా 73.53 దగ్గరుంటే 020 రింగులు చాలు. పైన బాగా ఎక్కువుంటే మళ్ళీ బోరింగ్, కొత్త పిస్టన్లు తప్పవు.

షాపులో "అంబాసిడర్ 1500" అని మాత్రం అడగొద్దు. డీజిల్ ఇంజన్‌కీ బోరు ఇదే, రెండింటి రింగులూ కలిసిపోతాయి. పాత పిస్టన్ తీసుకెళ్ళి రింగు కూర్చునే గాడి వెడల్పుతో సరిచూడండి.