ఎన్‌హెచ్‌ఎల్ రాకపోతే స్కౌట్ అయిపోవచ్చా?

ప్రశ్న: మేం కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉంటాం. మా అబ్బాయికి 15 ఏళ్లు, ట్రిపుల్ ఏ (పిల్లల హాకీలో పై స్థాయి) ఐస్ హాకీ జట్టులో డిఫెన్స్‌మన్, అంటే ప్రత్యర్థి దాడిని అడ్డుకునే ఆటగాడు. ఓహెచ్‌ఎల్‌కి (ఒంటారియో జూనియర్ హాకీ లీగ్) పంపాలా, అమెరికా కాలేజీ హాకీ మేలా? ప్రైవేట్ హాకీ అకాడమీలో కూడా చేర్చాలనుకుంటున్నాం. ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి అతిపెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్) రాకపోయినా స్కౌట్‌గా, అంటే జట్ల కోసం ఆటగాళ్లను వెతికి అంచనా వేసే ఉద్యోగిగా, స్థిరపడొచ్చని కోచ్ అన్నారు. మ్యాచ్ అయ్యాక కారులో వాడి తప్పులన్నీ చెప్తున్నా మారట్లేదు.

జవాబు: ఏ దారి మంచిదని అడిగారు గానీ, మీ అసలు బెంగ వేరు. ఇన్నేళ్ల ఫీజులు, తెల్లవారుజాము ప్రాక్టీసులు నీళ్లపాలవుతాయా అని. కావండీ. పిల్లాడికి వచ్చిన ఆట ఎక్కడికీ పోదు. అయితే ఆ ఖర్చుకి స్కౌట్ ఉద్యోగాన్ని పూచీగా లెక్కేసుకోకండి.

మీ కోచ్ మనసులో మార్క్ బెర్జెవిన్ లాంటివాళ్లు ఉండుంటారు. ఆయన డిఫెన్స్‌మన్‌గా 1,191 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడి, షికాగో జట్టుకి స్కౌట్‌గా పనిచేసి, 2012లో మాంట్రియల్ జట్టు జనరల్ మేనేజర్ అయ్యారు. మహిళల ప్రొఫెషనల్ లీగుల్లో డిఫెన్స్‌లో ఆడిన బ్లేక్ బోల్డెన్ 2020లో లాస్ ఏంజెలెస్ కింగ్స్ స్కౌట్ అయ్యారు. మరి డెట్రాయిట్ స్కౌట్ హోకన్ ఆండర్సన్? ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. జట్లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 171వ ఎంపికగా వచ్చిన దాత్సుక్, 210వ ఎంపికగా వచ్చిన జెటర్‌బర్గ్, తర్వాత స్టార్లయిన ఈ ఇద్దరూ ఆయన కంట్లో పడ్డవాళ్లే. ఆడినవాళ్లకి తలుపు త్వరగా తెరుచుకుంటుంది, అంతే. లోపల చేయాల్సింది చూడటం, రాయటం.

మొదట దొరికేది ఏదో జూనియర్ జట్టుకి పార్ట్‌టైమ్ పని. చేతికొచ్చేది చాలాసార్లు పెట్రోలు ఖర్చే. జనవరి మంచులో నాలుగు గంటలు కారు నడిపి సడ్బరీ వెళ్లి, మ్యాచ్ చూసి, రాత్రికి రిపోర్టు పంపాలి. పెద్ద జట్టులో కుదిరాక కూడా జనరల్ మేనేజర్ మారితే కాంట్రాక్టు పొడిగిస్తారన్న నమ్మకం లేదు.

స్కౌట్ పక్ (హాకీలో కొట్టే రబ్బరు బిళ్ల) వెంట కళ్లు తిప్పడు. పక్ మూలకి పోయినప్పుడు, అందుకోబోయే డిఫెన్స్‌మన్ భుజం మీదుగా వెనక్కి ఎన్నిసార్లు చూశాడో గమనిస్తాడు. చూడనివాడికి ఎవరు మీదికొస్తున్నారో తెలియదు, పక్‌ని గుడ్డిగా బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడ) వెంట కొట్టేస్తాడు. ప్రత్యర్థి దూసుకొస్తుంటే స్టిక్ పొడవంత దూరంలోనే ఉండి నీలిగీత (తమ వైపు భాగానికి హద్దు) దగ్గర ఆపాడా, భయపడి ముందే వెనక్కి జారాడా? తప్పు చేశాక తర్వాతి షిఫ్టులో, అంటే మళ్లీ ఐస్ మీదికి దిగినప్పుడు, ఎలా ఆడాడు? ఒక్క మ్యాచ్‌తో తేల్చేసేవాడు ఈ పనిలో నిలబడడు.

ఇక అకాడమీ. ఏడాదికి పదుల వేల డాలర్లు పోసి చేర్చటం ఇప్పుడు మోజైపోయింది. నాకు దానిమీద గట్టి అనుమానాలున్నాయి. ఐస్ మీద గంటలు పెరుగుతాయి, నిజమే. కానీ డిఫెన్స్‌మన్లు ఆలస్యంగా పండుతారు. పెద్ద పేరున్న జట్టులో తక్కువగా ఆడించే మూడో డిఫెన్స్ జోడీలో బెంచీ మీద కూర్చునే కన్నా, ఉన్న జట్టులో ఎక్కువ నిమిషాలు ఆడి, పొరపాట్లు చేసి దిద్దుకోవటం మేలు. అప్పు చేసి మాత్రం చేర్చొద్దు.

ఓహెచ్‌ఎల్, కాలేజీ ఇప్పుడు మునుపటంత ఎడమొహం పెడమొహం కావు. 2025 ఆగస్టు 1 నుంచి ఓహెచ్‌ఎల్‌లో ఆడినవాళ్లు కూడా ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) పై శ్రేణి అయిన డివిజన్ వన్‌లో ఆడొచ్చు. ఓహెచ్‌ఎల్ సీజన్‌కి 68 మ్యాచ్‌లు. కాలేజీలో దాదాపు సగమే, కండబలం పెంచుకోవడానికి సమయం దొరుకుతుంది. ఓహెచ్‌ఎల్ స్కాలర్‌షిప్ గడువు ఎప్పటిదాకానో సంతకానికి ముందే చదవండి. ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్టుపై సంతకం పెడితే కాలేజీ హాకీ తలుపు మూసుకుంటుంది. ఎన్‌సీఏఏ అడిగే 16 కోర్ కోర్సులు (ఇంగ్లీషు, లెక్కలు లాంటి ముఖ్య సబ్జెక్టులు) మీ వాడి స్కూల్లో లెక్కకొస్తాయో లేదో ఈ నెలలోనే కనుక్కోండి.

కారు సంగతి. కోపమొచ్చినా వినండి, అది మానేయండి. వాడి తప్పులు వాడికి తెలుసు, కోచ్‌కీ తెలుసు. ఇంటిదాకా అవే వింటూ వచ్చినవాడు మర్నాడు పక్ దొరికినా పాస్ ఇవ్వడానికి జంకుతాడు. ముందు అన్నం పెట్టండి.

స్కౌట్ పని వాడికి నచ్చుతుందో లేదో చూడాలనుందా? ఈ శనివారం వాడు ఆడని మ్యాచ్‌కి తీసుకెళ్లండి. ప్రత్యర్థి జట్టులో ఒక డిఫెన్స్‌మన్ నంబరు రాసుకోమనండి. ఏ చేతివాటం, స్కేటింగ్, మొదటి పాస్, 22 ఏళ్లకి ఎక్కడ ఉంటాడు: పది వాక్యాలు చాలు. రెండు వారాల తర్వాత అదే కుర్రాణ్ణి మళ్లీ చూపించండి. పాత కాగితాన్ని తనంతట తాను దిద్దుకుంటున్నాడేమో గమనించండి.