చీటీ పాడి మిద్దె తోట పెట్టాలా?

ప్రశ్న: మాది అనంతపురం. సొంత ఇల్లు, పైన మిద్దె ఖాళీ, వెనక పది అడుగులకు ఎనిమిది అడుగుల పెరడు ఉంది. మా వారు ప్రైవేటు స్కూల్లో టీచరు, నేను ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. ఇద్దరికీ కలిపి నెలకు 48 వేలు వస్తుంది, ఖర్చులు 42 వేలు. కూరగాయలకు నెలకు 3,600 అవుతోంది. అందులో ఉల్లి, ఆలు, అల్లం, వెల్లుల్లి, నిమ్మకాయలకు 1,100, ఆకుకూరలు, కొత్తిమీర, పుదీనా, కరివేపాకుకు 700, మిగిలిన కూరగాయలకు 1,800. దసరా నుంచి మిద్దె తోట పెట్టుకుంటే కూరగాయలు కొననక్కర్లేదని ఒకాయన 84 వేలకు కొటేషన్ ఇచ్చాడు. ఇనప ఫ్రేము, షేడ్‌నెట్‌కు 30 వేలు, మట్టితో సహా మొక్కలు పెంచే 40 గ్రోబ్యాగు సంచులకు 16 వేలు, టైమర్‌తో డ్రిప్‌కు 12 వేలు, వంటింట్లో పెట్టుకునే, మట్టి లేకుండా నీళ్లలో మొక్కలు పెంచే ఎల్ఈడీ లైట్ల హైడ్రోపోనిక్ కిట్‌కు 18 వేలు, బిగింపు, విత్తనాలకు 8 వేలు. లక్ష రూపాయల చీటీ ఒకటి కడుతున్నాను. 20 నెలల చీటీలో ఇది ఎనిమిదో నెల. ఈ నెల 22 వేలు తగ్గించి పాడితే వస్తుందంటున్నారు. అసలు ఆ చీటీ వచ్చే ఆగస్టులో అమ్మాయి కాలేజీ ఫీజు కోసం వేసింది. బ్యాంకులో 40 వేలు ఉన్నాయి. పాడమంటారా? లేకపోతే కిట్ ఒక్కటి నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోనా? మిగిలిన కూరలు ఇరుగుపొరుగుకు అమ్మితే పన్ను కట్టాలా?

జవాబు: చీటీ పాడకండి. తోట మాత్రం తప్పకుండా పెట్టండి. ఈ రెండూ వేరు వేరు సంగతులు. ఆ కొటేషన్ చూసి మీరు రెండింటినీ ఒకే మూటలో కట్టేశారు.

ముందు చీటీ సంగతి. ఈ నెల పాడితే చేతికి 78 వేలు వస్తాయి. పాడకుండా చివరిదాకా ఆగితే, నిర్వాహకుడి కమిషన్ అయిదు శాతం అనుకుంటే, అది పోను 95 వేలు వస్తాయి. పాడినా పాడకపోయినా మీరు నెలనెలా కట్టేది ఒకటే. అంటే పన్నెండు నెలలు ముందుగా డబ్బు తీసుకున్నందుకు మీరు వదులుకునేది 17 వేలు. 78 వేల మీద 17 వేలంటే ఏడాదికి దాదాపు 22 శాతం వడ్డీ. ఎవరైనా ఇరవై రెండు శాతానికి అప్పు తెచ్చి వంకాయలు పండిస్తానంటే మీరే వద్దంటారు. చీటీలో వడ్డీ అనే మాట ఎక్కడా వినపడదు కాబట్టి అది అప్పులా అనిపించదు, అంతే.

పైగా అది ఫీజు డబ్బు. వచ్చే ఆగస్టు అంటే పంతొమ్మిదో నెల. అప్పటికి పాటలో పోటీ చల్లబడి, కొద్దిపాటి తగ్గింపుతోనే చీటీ మీ చేతికి వస్తుంది. అది అక్కడే ఉండనివ్వండి. ఆ చీటీ రిజిస్టర్ అయిన సంస్థదో కాదో ఒకసారి చూసుకోండి. తెలిసినవాళ్లు నడిపే చీటీ అయితే నాకు ఇంకా భయం.

ఇప్పుడు తోట లెక్క. నెలకు 3,600 మిగులుతుంది, రెండేళ్లలో పెట్టుబడి వెనక్కి వచ్చేస్తుందని ఆయన చెప్పి ఉంటాడు. మీరు రాసిన లెక్కలోనే దీనికి జవాబుంది. ఉల్లి, ఆలు, అల్లం, వెల్లుల్లి మీ మిద్దె మీద ఇంటికి సరిపడా పండవు. అక్కడే 1,100 పక్కకు పోయింది. ఆకుకూరల 700లో మంచి సీజన్‌లో 500 దాకా మిగలొచ్చు. కూరగాయల 1,800లో నలభై సంచులూ బాగా కాస్తే ఇంకో 500. అంటే నెలకు వెయ్యి. అదీ నవంబరు సగం నుంచి ఏప్రిల్ సగం దాకా, అయిదు నెలలు. ఆ తర్వాత అనంతపురం ఎండలో మిద్దె మీద ఏం కాస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు. మిగతా ఏడు నెలలూ కొద్దో గొప్పో ఆకుకూర వస్తుందనుకుని నెలకు 200 వేశాను. ఏడాదికి మొత్తం 6,400. ఎరువు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వేపనూనె, విత్తనాలు, ట్యాంకరు నీళ్లలో తోట వాటా కలిపి ఓ 2,400 తీసేయండి. మిగిలేది నాలుగు వేలు.

84 వేలు పెట్టి ఏడాదికి నాలుగు వేలు. పెట్టుబడి తిరిగి రావడానికి ఇరవై ఒక్క ఏళ్లు. గ్రోబ్యాగులేమో మన ఎండకు మూడేళ్లకే చిరుగుతాయి.

చాలామంది మరిచిపోయే విషయం ఇంకొకటుంది. టమాటా కిలో వంద దాటినప్పుడు అందరికీ తోట గుర్తొస్తుంది. 2023 జులై, ఆగస్టుల్లో మదనపల్లె మార్కెట్‌లోనే ధర ఎక్కడికి వెళ్లిందో చూశాం. కానీ మీరు దసరాకు నారు పెడితే మీ టమాటా కాసేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. సరిగ్గా అప్పుడే రైతుల పంట కూడా మార్కెట్‌కు వచ్చి రేటు పడిపోతుంది. ఒక సంచిలో మొక్క సీజనంతా రెండు కిలోలు ఇస్తే బాగా కాసినట్టే. కిలో పాతిక వేసుకున్నా ఆ సంచి సంపాదన యాభై రూపాయలు. కాలీఫ్లవర్ మరీ దండగ. ఒక సంచి, దాదాపు మూడు నెలలు, రోజూ నీళ్లు పోస్తే వచ్చేది ఒక్క పువ్వు. రైతుబజారులో ముప్పై ఇస్తే అంతకంటే పెద్దది ఏరుకుని తెచ్చుకోవచ్చు.

మరి లాభం ఎక్కడుంది? కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, మెంతికూర, పాలకూరలో ఉంది. పది రూపాయల కొత్తిమీర కట్ట తెచ్చి, నాలుగు రెబ్బలు చారులో వేసి, మిగతాది ఫ్రిజ్‌లో నల్లగా జిగురు కట్టాక పారేయడం ప్రతి ఇంట్లో జరిగేదే. ఇంట్లో ఉంటే కావలసినంతే తుంచుకుంటారు. మెంతికూర విత్తిన పాతిక ముప్పై రోజులకు కోతకొస్తుంది, ముల్లంగి నలభై అయిదు రోజులకు. పాలకూరను నెల తర్వాత మొదటిసారి కోస్తే మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. డబ్బు త్వరగా తిరిగొచ్చేది వీటిలోనే. గోంగూర మాత్రం ఈ కాలంలో నమ్ముకోవద్దు. పగటి పొద్దు తగ్గేకొద్దీ ఆకు వేయడం మాని పూతకు వచ్చేస్తుంది. దాన్ని ఎండాకాలం చివర్లో వేసుకోండి.

మీ దగ్గర పెరడుందని ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నా లెక్కలో మీ అసలు ఆస్తి అదే. కుండీలో మట్టి నాలుగు వైపులా వేడెక్కి సాయంత్రానికి ఎండిపోతుంది. నేలలో మట్టి అలా ఎండదు, కాబట్టి నీళ్లు తక్కువ పడతాయి. నీళ్లు తక్కువంటే ట్యాంకరు ఖర్చు తక్కువ. మన జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ, అందులో ఎక్కువ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. ఇప్పుడు నేల గుల్లచేసి పెట్టుకుంటే ఆ తడి ఊరికే దొరుకుతుంది. వానలు ఎక్కువగా పడే ఊళ్లలో ఎత్తు మడులు కడతారు. అది చూసి మీరూ ఇటుకలు పేర్చి డబ్బు పెట్టకండి. మనకు కావలసింది పల్లపు మడి. చుట్టూ జానెడు గట్టు, మధ్యలో మడి నాలుగు వేళ్లు దిగువకు ఉండాలి. పోసిన నీళ్లు పారిపోకుండా అక్కడే ఇంకుతాయి.

మడిలో మొక్కల మధ్య వేరుశనగ పొట్టు రెండంగుళాల మందాన పరవండి. అనంతపురంలో నూనె మిల్లు దగ్గరో, కాయలు ఒలిచే చోటో సంచి దొరకడం కష్టం కాదు. తర్వాత కుమ్మరి దగ్గర రంగు వేయని మట్టికుండలు నాలుగు తెచ్చి మూతి వరకు పాతిపెట్టండి. నీళ్లు నింపి పైన మూత పెడితే కుండ గోడల్లోంచి తడి నెమ్మదిగా ఊరుతుంది. చుట్టూ వంగ, మిర్చి మొక్కలు పెట్టుకోండి. రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు. పన్నెండు వేల డ్రిప్, టైమరు చేసే పనిలో చాలామటుకు ఈ నాలుగు కుండలు మూడొందల్లో చేస్తాయి. నీళ్లు పోసేముందు పొట్టు పక్కకు జరిపి వేలు మట్టిలో గుచ్చి చూడండి. రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే పోయండి.

ఒక జాగ్రత్త. ఆర్ఓ మెషీను వదిలే నీళ్లు తోటకు పోయకండి. మన బోరు నీళ్లే ఉప్పన, అది ఇంకా చిక్కబడిన ఉప్పు. వాటితో నేల తుడుచుకోండి. బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు మొక్కలకు.

మిద్దె మీద పది సంచులతో మొదలుపెట్టండి. టమాటా, మిర్చి, వంగ చాలు. నారు నర్సరీలో కొనండి. ఇంట్లో విత్తనం పెట్టి ట్రేలు, లైట్లు కొనడం ఈ మాత్రం తోటకు గిట్టుబాటు కాదు. షేడ్‌నెట్ ఇప్పుడు అక్కర్లేదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మొక్కకు ఎండ కావాలి, సగం వెలుతురు ఆపే నెట్ కింద టమాటా సాగిపోయి పూత సరిగా నిలవదు. మార్చి వచ్చాక నాలుగు వెదురు బొంగులకు పాత నూలు చీర కట్టినా ఒక వేసవి గడుస్తుంది. అంటే 30 వేల ఫ్రేము ఈ సీజన్‌కు ఏ రకంగానూ పనికిరాదు.

మిద్దె బరువు గురించి ఆయన చెప్పినట్టు లేదు. మనుషులు తిరిగే కప్పుకు మన దేశ ప్రమాణాల ప్రకారం వేసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అడుగు మందం తడి మట్టి అంతే చోట 500 కిలోలు తూగుతుంది. నిండుగా తడిసిన పెద్ద సంచి ఒక్కొక్కటి నలభై కిలోల దాకా ఉంటుంది. అందుకే నలభై సంచులు ఒకే ఫ్రేము కింద కుక్కడం నాకు నచ్చలేదు. పది సంచులను పిట్టగోడ పొడవునా, దూలాల మీదకు వచ్చేలా, ఇటుకల మీద ఎత్తి పెట్టుకోండి. కింద తడి నిలిచి కప్పు కారడం మొదలైతే వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు ఎన్నో ఏళ్ల కూరగాయల మిగులును మింగేస్తుంది.

ఇక వంటింటి కిట్. నలభై వాట్ల లైటు రోజుకు పద్నాలుగు గంటలు వెలిగితే నెలకు 17 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే వంద. దానిలో కలిపే పోషకాల ద్రావణం ఖర్చు వేరే. అన్నీ పెట్టి ఆ కిట్ పన్నెండు రంధ్రాల్లో పెంచేది ఎక్కువగా లెట్యూస్ అనే సలాడ్ ఆకు. మీ ఇంట్లో లెట్యూస్ ఎవరు తింటారమ్మా? తూర్పు కిటికీ గట్టు మీద పాత స్వీటు డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టి వంటింటి మెంతులు, ధనియాలు చల్లండి. ధనియాలను చపాతీ కర్రతో రెండు బద్దలయ్యేలా నలిపి, ఒక రాత్రి నానబెట్టి వేయండి. పుదీనా కాడలు గ్లాసు నీళ్లలో వేళ్లు దిగాక కుండీలో గుచ్చండి. ఇంట్లో తోటంటే మీకు ఇంతే చాలు, దీనికి ఖర్చు లేదు.

నో కాస్ట్ ఈఎంఐ అనే మాటకు పడిపోకండి. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. నగదుకు ఇచ్చే డిస్కౌంట్ మీకు ఇవ్వరు, ప్రాసెసింగ్ ఫీజు వేస్తారు, దాని మీద జీఎస్టీ. వడ్డీ వేరే పేరుతో మీ జేబులోంచే పోతుంది.

నా లెక్కలో మీకు అయ్యే ఖర్చు ఇది: పెరడు తవ్వించడానికి కూలీ 700, చివికిన పశువుల ఎరువు 800, వేరుశనగ పొట్టు 200, కుండలు 300, పది సంచులు, వాటిలో మట్టి మిశ్రమం 2,500, విత్తనాలు, నారు 400, వేపనూనె 250. మొత్తం 5,150. ఆరు వేలు దాటదు, అంటే మీకు మిగిలే ఒక్క నెల డబ్బు. బ్యాంకులో ఉన్న 40 వేలు ముట్టుకోకండి, అది నెల ఖర్చుకు కూడా పూర్తిగా సరిపోదు. తోట అయ్యాక నెలకు మూడు వేలైనా అందులో వేస్తూ పోండి. ఈ చిన్న తోటతో మంచి నెలల్లో 700 దాకా మిగులుతుంది. రెండో చలికాలం ముగిసేలోపు పెట్టింది వెనక్కి వచ్చేస్తుంది.

విత్తనాలన్నీ ఒకే రోజు చల్లేయకండి. మెంతి, పాలకూర, ముల్లంగి పదిహేను రోజులకో వరుస చొప్పున వేయండి. లేకపోతే ఒక వారం ఊరంతా పంచుతారు, పై వారం మళ్లీ కొంటారు.

పన్ను గురించి టెన్షన్ వద్దు. పక్కింటికి నాలుగు కట్టలు అమ్మినందుకు మీ ఇంటి ఆదాయం పన్ను కట్టే స్థాయికి చేరదు. వచ్చిన చిల్లర పుస్తకంలో రాసుకోండి. పన్ను కోసం కాదు, లెక్క తెలియడానికి. కోసినదల్లా ఆ రోజు మార్కెట్ ధరతో రాయండి, కొన్న ధరతోనో ఎండాకాలం ధరతోనో కాదు. శివరాత్రి నాటికి ఆ పుస్తకంలో నెలకు 700 నిజంగా కనిపిస్తే, అప్పుడు ఇంకో పది సంచులకూ మీటరు లెక్కన కొనే నెట్ గుడ్డకూ డబ్బు పెట్టొచ్చు. మూడొందలు కూడా కనిపించకపోతే పెరడు ఒక్కటి ఉంచుకుని సంచులు ఎవరికైనా ఇచ్చేయండి.