కావలి తమ్ముడికి: మీ నాయన ఆస్పత్రి భయం గురించి

తమ్ముడూ, 2021 కరోనా సెకండ్ వేవ్‌లో మీ పెదనాయన ఆస్పత్రిలో పోయినప్పట్నుంచి మీ నాయన బీపీ, షుగర్ చెకప్‌కి పోవడం మానేశాడు, పాత చీటీ మీదే మందులు తెచ్చుకుంటా ఉండాడు, రాత్రుళ్ళు నిద్ర లేదు గుండె దడ అంటాడు అని రాశావు గదా. (కృష్ణపట్నంలో కరోనాకి ఇచ్చిన నాటుమందు కోసం జనం ఎగబడ్డ రోజులవి, ఆ భయం అప్పుడు అందరికీ ఉండేదిలే.) ముందు ఆ దడ సంగతి తేల్చు. టెన్షనే అయ్యుంటుందిలే అని మనకు మనం అనుకోకూడదు, ఒక ఈసీజీ తీయించు, ఛాతీ పట్టేసి చెమటలు పడితే మాత్రం ఆలోచించకుండా 108కి కొట్టు.

షుగర్ పెరగడానికి అన్నం ఒక్కటే కారణం కాదబ్బా, దిగులుతో ఉంటే కార్టిసాల్, అడ్రినలిన్ అనే హార్మోన్లు ఎక్కువై షుగరూ బీపీ రెండూ ఎగబాకుతాయి, నిద్ర చెడితే ఇంకా పెరుగుతాయి, అది చూసి మళ్ళీ భయం. పాత డోసు ఇప్పుడు సరిపోతుందో లేదో తెలీదు, హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయిస్తే దాదాపు మూడు నెలల షుగర్ సగటు లెక్క బయటపడుద్ది, దానికి పరగడుపున పోనక్కర్లేదు గూడా.

ఒకేసారి నెల్లూరు పెద్దాసుపత్రికి లాక్కుపోతే గేటు దగ్గర్నుంచే వెనక్కొస్తాడు. ముందు మీ ఊరి నర్సమ్మని (ఏఎన్ఎమ్) ఇంటికి రమ్మని అడిగి అరుగు మీద కూర్చోబెట్టి బీపీ చూపించు, తర్వాత మీ పీహెచ్‌సీకి జనం పల్చగా ఉండే టైం కనుక్కుని పో. 'పిచ్చి డాక్టరు' అనే మాట ఇంట్లో ఎత్తొద్దు. మనసు బాధలకి గవర్నమెంటు ఫోన్ లైను టెలి మానస్ 14416 ఫ్రీ, 24 గంటలూ ఉంటది, తెలుగులోనే మాట్లాడతారు, ముందు నువ్వే చేసి ఆయనతో ఎట్టా మాట్లాడాలో అడుగు. నిద్రమాత్రలు మాత్రం మెడికల్ షాపులో అడిగి తెచ్చి ఇవ్వమాక.

ఈసీజీలో ఏం వచ్చిందో ఇక్కడ పెట్టు.