ఈసీ క్లియర్‌గా ఉంటే మళ్లీ సర్వే ఎందుకు?

శ్రీకాకుళంలో పాత ఇల్లు కొంటున్నాం, ఈసీ (ఆస్తిపై లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లియర్‌గానే ఉంది, సర్వే ఖర్చు దండగ కాదా అని అడిగారు. కాదు. ఈసీలో కనిపించేవి అమ్మకాలు, తాకట్ల లాంటి రిజిస్టరైన లావాదేవీలే. గోడ ఎవరి హద్దులో ఉందో అది చెప్పదు. దస్తావేజులో 5 సెంట్లంటే 242 చదరపు గజాలు. టేపు పట్టాక 230 తేలితే? లేని 12 గజాలకీ మీరు డబ్బు కట్టినట్టే. మన పాత వీధుల్లో ఉమ్మడి గోడలు, పక్కింటి చూరు నీళ్లు ఇటు పడటం మామూలే కాబట్టి అవీ సర్వే స్కెచ్‌లో రాయించుకోండి. లైసెన్స్‌డ్ సర్వేయర్‌తో, ఇరుగుపొరుగు ఎదుటే కొలిపించండి. సర్వే నంబరు ఉన్న స్థలమైతే ఎఫ్‌ఎంబీతో (ప్రభుత్వ సర్వే కొలతల పుస్తకం) సరిచూడాలి. ఇదంతా అడ్వాన్సు ఇవ్వకముందే జరగాలి, ఆ తర్వాత బేరానికి బలముండదు. గోడ బీటలు, స్లాబు కారడం మాత్రం సర్వేయర్ చూడడు, వాటికి సివిల్ ఇంజినీరుని వేరే పిలవాలి.