పాత టేబుల్ అమ్మబోతే ఖాతా ఖాళీ.. ఆ లోటు అప్పుతో పూడ్చవచ్చా?

ప్రశ్న: మా డైనింగ్ టేబుల్‌ను రూ.14,000కు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. బదిలీ మీద మా ఊరు వస్తున్నానంటూ ఒకాయన ఫోన్ చేశాడు. బేరం కూడా ఆడలేదు. డబ్బు ముందే వేస్తాను, మనిషి వచ్చి టేబుల్ తీసుకెళ్తాడని చెప్పి క్యూఆర్ కోడ్ పంపాడు. స్కాన్ చేసి పిన్ కొడితే 2 రూపాయలు పోయాయి, వెంటనే 4 రూపాయలు వచ్చాయి. దాంతో నమ్మాను. ఆ తర్వాత మొదటి విడతలో రూ.14,000, మొత్తం మూడు విడతల్లో రూ.56,000 పోయాయి. జీతం ఖాతాలో ఇప్పుడు రూ.15,000 ఉన్నాయి. 5న రూ.22,500 ఇంటి రుణం ఈఎంఐ కట్టాలి. జీతం 10న పడుతుంది. బాబు కాలేజీ ఫీజు కోసం దాచిన రూ.1,50,000 ఎఫ్‌డీని కదిలించడం ఇష్టం లేదు. ఒక రుణ యాప్‌లో రూ.60,000 వెంటనే ఇస్తారట. తీసుకోవచ్చా? ఫ్రిజ్ కూడా అమ్మాలి. ఇంట్లో ఇంకా చెప్పలేదు, పోలీసులకూ చెప్పలేదు. - ఒక పాఠకురాలు

జవాబు: మిగతాది చదివే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మూడు లావాదేవీల యూటీఆర్ నంబర్లు (ఒక్కో లావాదేవీకి ఉండే గుర్తింపు సంఖ్యలు), అతని ఫోన్ నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. అదే ఫిర్యాదును జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. మీ బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి, రసీదు తీసుకోండి. మోసగాడి ఖాతాలో ఇంకా ఏమైనా మిగిలి ఉంటే దాన్ని ఆపడానికి దారి ఇదొక్కటే. మొదటి గంటల్లో చేసి ఉంటే ఆ అవకాశం చాలా ఎక్కువగా ఉండేది. సిగ్గుపడి ఇన్ని రోజులు ఆగారు, ఇక ఆగకండి. పిన్ మీరే కొట్టారు కాబట్టి బ్యాంకు తిరిగి ఇస్తుందన్న ధైర్యంతో మాత్రం లెక్కలు వేసుకోవద్దు. ఇంట్లో కూడా ఈ రోజే చెప్పండి. చెప్పకుండా దాచాలన్న టెన్షనే మిమ్మల్ని ఆ రుణ యాప్ దాకా తీసుకెళ్లింది.

ఇప్పుడు ఆ యాప్ సంగతి. వద్దు. మీకు పోయింది 56 వేలు కాబట్టి 60 వేలు అప్పు చేయాలనిపిస్తోంది. కానీ మీకు ఇప్పుడున్న లోటు 56 వేలు కాదు. ఈఎంఐకి తక్కువపడేది రూ.7,500. జీతం వచ్చేదాకా ఇంటి ఖర్చు కలుపుకున్నా 20 వేలు దాటదు. పోయిన డబ్బును అప్పుతో భర్తీ చేస్తే పోయింది తిరిగి రాదు, దాని మీద వడ్డీ కూడా మొదలవుతుంది. ఐదు నిమిషాల్లో వచ్చే అప్పు మోసపోయిన మనిషికి ఓదార్పులా కనిపిస్తుంది. ఇలా ఒక యాప్ అప్పు తీర్చడానికి మరో యాప్‌లో అప్పు తీసుకున్నవాళ్ల లెక్కలు నేను ఎన్నో చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. క్రెడిట్ కార్డు మీద నగదు తీయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. బంగారం తాకట్టు ఊసే వద్దు.

ఎఫ్‌డీని విరగ్గొట్టనవసరం లేదు. దాని మీదే రూ.20,000 ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఎఫ్‌డీని హామీగా పెట్టి బ్యాంకు ఇచ్చే అప్పు, తీసుకోండి. చాలా బ్యాంకులు ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి, రెండు శాతం కలిపి తీసుకుంటాయి. 9 శాతం అనుకున్నా నెలకు అయ్యేది రూ.150. 10న జీతం పడగానే ఎంత వీలైతే అంత కట్టేయండి. ఫీజు డబ్బు ఫీజుకే ఉంటుంది.

మీ ఉత్తరానికి జవాబు రాయడానికి అసలు కారణం వేరే ఉంది. క్యూఆర్ కోడ్ దగ్గర ఎవరైనా ఒకసారి పొరపడతారు. మీరు అంతకంటే ముందే ఒక పెద్ద తప్పు చేశారు. జీతం, ఈఎంఐ, ఇంటి ఖర్చు, చేతిలో ఉన్న కాస్త పొదుపు, అన్నీ ఒకే ఖాతాలో పెట్టి, ఆ ఖాతానే యూపీఐకి కలిపారు. ఆ ఖాతాలో 5 వేలే ఉండి ఉంటే మొదటి విడత 14 వేలు కూడా పోయేది కాదు. ‘బ్యాలెన్స్ చాలదు’ అని ఫోనే ఆపేసేది.

కాబట్టి అత్యవసర నిధి వేరే ఖాతాలో ఉండాలి. వీలైతే వేరే బ్యాంకులో. ఆ ఖాతాను ఏ యూపీఐ యాప్‌లోనూ కలపకండి. దాని డెబిట్ కార్డును ఫోన్‌లో ఎక్కడా సేవ్ చేయకండి. ఒక మాట చాలామందికి తెలియదు: పొదుపు ఖాతాకు అనుబంధంగా ఉండే స్వీప్-ఇన్ ఎఫ్‌డీ ఇలాంటి మోసానికి అడ్డు కాదు. ఖాతాలో డబ్బు చాలకపోతే ఆ ఎఫ్‌డీ దానంతటదే విరిగి డబ్బు బయటికి వెళ్తుంది. అత్యవసర నిధి మామూలు ఎఫ్‌డీగా, అదీ యూపీఐకి కలపని ఖాతాలో ఉండాలి. ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు ఎంతో మీరు రాయలేదు. అది 40 వేలు అనుకుంటే ఆరు నెలలకు 2,40,000 కావాలి. ఒక్కసారిగా కాదు, జీతం పడిన రోజే ఎంతో కొంత ఆ ఖాతాకు వెళ్లేలా ఆటోమేటిక్ బదిలీ పెట్టండి. యూపీఐ ఖాతాలో వారం, పది రోజుల ఖర్చుకు మించి ఉంచకండి. సైబర్ బీమా గురించి ఈ నిధి పోగయ్యాక ఆలోచించవచ్చు.

ఇక ఫ్రిజ్. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. పిన్ అడిగే తెర మీద మీరు ఎవరికి, ఎంత పంపుతున్నారో పైనే రాసి ఉంటుంది. ఆ రోజు మీ ఫోన్‌లోనూ కనిపించే ఉంటుంది. అవతలి మనిషి ఫోన్‌లో గబగబా మాట్లాడుతూనే ఉంటాడు, మీరు ఆ వరుస చదవకుండా ఉండటానికే. పిన్ కొట్టాల్సి వస్తే ముందు కాల్ కట్ చేయండి. వ్యక్తుల మధ్య డబ్బు అడిగే యూపీఐ కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది. క్యూఆర్ దారి మాత్రం అలాగే ఉంది. 2 రూపాయలకు 4 రూపాయలు ఇవ్వడం కూడా పాత ఎరే.

కొనేవాళ్లను నేరుగా రమ్మనండి. ఇంట్లో మరొకరు ఉన్నప్పుడు, పగటి వేళ. చిన్న వస్తువైతే నలుగురూ తిరిగే చోట ఇవ్వండి. డబ్బు వచ్చిందని వాళ్ల ఫోన్‌లో చూపించినా, మీకు మెసేజ్ వచ్చినా చాలదు. మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూశాకే ఫ్రిజ్ గడప దాటాలి. ‘పొరపాటున ఎక్కువ వేశాను, మిగతాది వెనక్కి పంపండి’ అంటే పంపకండి, బ్యాంకు ద్వారా తీసుకోమని చెప్పండి. వచ్చినవాడు ఒకరు, డబ్బు వేసిన పేరు మరొకరిదైతే అమ్మకం ఆపేయండి. అది ఇంకొకరి దగ్గర కొట్టేసిన డబ్బైతే రేపు మీ ఖాతానే స్తంభింపజేస్తారు, అప్పుడు ఈఎంఐ మళ్లీ ఆగుతుంది. ఫ్రిజ్ లాంటి వాటికి నగదు తీసుకోవడమే నయం.

ఇంకొక ఫోన్ కాల్ కూడా మీకు వచ్చే అవకాశం ఉంది. పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి అంటారు. 1930లో ఫిర్యాదుకు ఎవరికీ ఏ ఫీజూ లేదు. కట్టకండి.

ఫ్రిజ్ అమ్మిన డబ్బు ముందు ఆ ఓవర్‌డ్రాఫ్ట్‌కు వేయండి. మిగిలింది కొత్త ఖాతాలో మొదటి జమ అవుతుంది.