ప్రొజెస్టిరాన్ మొదలుపెట్టే ముందు నా మాట విను, చెల్లీ

చెల్లీ,

రాత్రి నువ్వు పంపిన ఫోటో చూశాను. చేతిలో ప్రొజెస్టిరాన్ క్యాప్సూల్స్ పెట్టె, కింద "అక్కా, ఎనిమిది నెలలైనా ఛాతీ ఎదగట్లేదు, నా ఈస్ట్రోజన్‌కి బ్యాలెన్స్ లేదంట, ఇది ఈ రోజే మొదలుపెట్టేయనా" అని. ఫోన్‌లో చెబితే తొందరలో ముఖ్యమైనదేదో వదిలేస్తానని కూర్చుని రాస్తున్నాను. ఆ పెట్టె పారేయొద్దు, పక్కన పెట్టు చాలు.

ముందు ఈ బ్యాలెన్స్ అన్న మాట సంగతి తేల్చుకుందాం. మనలాంటి ట్రాన్స్ పిల్లలందరి నోటా ఇదే వినబడుతోంది, ఎవరినీ తప్పు పట్టను, కానీ అది మన ఒంటికి పుట్టిన మాట కాదు. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది, నెలలో అండం విడుదలయ్యాక తయారయ్యే ప్రొజెస్టిరాన్ ఆ పొరను అదుపులో పెట్టి గర్భానికి సిద్ధం చేస్తుంది. అందుకే నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి ఈస్ట్రోజన్ ఇవ్వాల్సి వస్తే, గర్భసంచి ఉన్నవాళ్లకి ప్రొజెస్టిరాన్ కూడా కలిపి ఇస్తారు, లేకపోతే ఆ పొర పెరిగి క్యాన్సర్‌కి దారి తీయొచ్చు. గర్భసంచి తీయించుకున్న ఆవిడకి మామూలుగా ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తారు. మనకి గర్భసంచి లేదు. కాబట్టి ఈస్ట్రోజన్ వేసుకుంటున్నాం గనక దానికి జోడీగా ప్రొజెస్టిరాన్ ఉండి తీరాలనే లెక్క మనకి వర్తించదు. మనం చూసుకోవాల్సింది ఈస్ట్రోజన్‌కీ మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌కీ మధ్య లెక్క. అది రిపోర్టులో కనబడుతుంది, అద్దంలో కనబడదు.

మరి ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా రక్తం ఇచ్చావా? మొదటి ఏడాదిలో మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకోవాలి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు సరిపోతుంది. ఎక్కువమంది డాక్టర్లు చూసే అంకెలు ఇవి: ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజన్‌లో ముఖ్యమైన రకం) మిల్లీలీటరుకి 100 నుంచి 200 పికోగ్రాములు, టెస్టోస్టిరాన్ డెసిలీటరుకి 50 నానోగ్రాముల లోపు. ల్యాబ్ ఏ కొలతలో ఇచ్చిందో చూడకుండా కంగారు పడకు, కొన్ని ల్యాబులు టెస్టోస్టిరాన్‌ని మిల్లీలీటరు లెక్కన ఇస్తాయి, అప్పుడు 50 కాస్తా 0.5 అవుతుంది. నాకు తెలిసిన అమ్మాయి 0.4 చూసి ఒంట్లో ఏమీ మిగల్లేదని రెండు రోజులు అన్నం మానేసింది, తీరా చూస్తే ఆ అంకె బ్రహ్మాండంగా ఉంది. ఇంకో సంగతి, జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటున్నావు కదా, అది హార్మోన్ పరీక్షల అంకెల్ని తారుమారు చేయగలదు, రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపెయ్. మాత్ర నాలుక కింద పెట్టుకున్న రోజు వెంటనే రక్తం ఇవ్వకు, అప్పుడు అంకె ఆకాశానికి ఎక్కి ఉంటుంది. పొద్దున మాత్ర వేసుకోక ముందు ఇవ్వు.

నేను ఇంతగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే నా కాలు సంగతి చెప్పాలి. పాతికేళ్ల క్రితం నాకు దారి చూపించే డాక్టరు లేడు. జమాత్‌లో, అంటే మన గురువుల కుటుంబంలో, పెద్దవాళ్లు మాలా-డి అనే గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లు, నేనూ వేసుకున్నాను. రోజుకి ఆరు, ఒక్కోసారి ఎనిమిది. ఆ స్ట్రిప్పులో హార్మోన్ ఉన్న మాత్రలు 21 మాత్రమేనని, మిగతా ఏడూ ఐరన్ మాత్రలని కూడా తెలియదు, అన్నీ కలిపి మింగేదాన్ని. వాటిలో ఉండేది ఇథినైల్ ఈస్ట్రడయోల్, రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని బాగా పెంచే రకం, అందుకే మనలాంటి వాళ్లకి దాన్ని వాడొద్దంటారు. దానితో పాటు ఉండే లెవోనార్జెస్ట్రెల్ ప్రొజెస్టిరాన్ లాంటిదే గానీ దానికి కొంచెం మగ హార్మోన్ గుణం కూడా ఉంది. అంటే ఏది వద్దనుకుని మింగుతున్నానో అదే కొంత లోపలికి పంపుకున్నాను. విజయనగరం నుంచి పాసింజర్ బండిలో వస్తుంటే ఎడమ పిక్క రాయిలా గట్టిపడి ఉబ్బిపోయింది. ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే నన్ను మగవాళ్ల వార్డులో పడేయాలా ఆడవాళ్ల వార్డులోనా అని గంటసేపు నా ముందే వాదించుకున్నారు, పిక్కలో గడ్డ అలాగే ఉంది. బతికాను. ఇప్పటికీ బీచ్ రోడ్డులో ఎక్కువసేపు నడిస్తే ఆ కాలు బరువెక్కుతుంది. ఒక కాలు మాత్రమే ఉబ్బినా, పిక్కలో నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకు, నాకు ఫోన్ చేసేలోపు ఆటో ఎక్కు.

సిగరెట్ మానమని ఎన్నిసార్లు చెప్పాను నీకు. ఈస్ట్రోజన్ మీద ఉండగా సిగరెట్ అయినా చుట్ట అయినా రక్తం గడ్డకట్టడానికి దారి ఇస్తుంది. దీని మీద నేను బేరం ఆడను.

నువ్వు వేసుకునే ఈస్ట్రడయోల్ వాలరేట్ మంచిదే, నా మాలా-డితో పోల్చేది కాదు. మాత్రల్లో సాధారణంగా రోజుకి 2 నుంచి 6 మిల్లీగ్రాముల మధ్య ఇస్తారు, ఎంతన్నది రిపోర్టు చూసి డాక్టరు చెప్పాలి. పక్కింటి అమ్మాయి 6 వేసుకుంటోందని నువ్వూ 6 వేసుకోకూడదు. నా వయసు వాళ్లకి, గడ్డకట్టే భయం ఉన్నవాళ్లకి ఒంటికి రాసుకునే జెల్ గానీ అతికించుకునే ప్యాచ్ గానీ మేలు. నేను జెల్‌కి మారాను. మన ఊరి ఉక్కపోతలో ప్యాచ్ మే నెలలో సాయంత్రానికి చీరకి అంటుకుని ఉండేది. జెల్ రాసుకున్నాక పూర్తిగా ఆరనివ్వాలి, రాసిన చోట చిన్నపిల్లల ఒళ్లు తగలనివ్వకూడదు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు పెట్టె పక్కన ఇంకో స్ట్రిప్ పెట్టావు, సైప్రోటిరాన్ 50. అది టెస్టోస్టిరాన్‌ని అణచడానికి ఇచ్చింది, సరే. కానీ అది కూడా ప్రొజెస్టిరాన్ కుటుంబం మందే చెల్లీ! నీ ఒంట్లో ఆ పని ఇప్పటికే ఒకటి గట్టిగా చేస్తోంది, దాని మీద ఇంకోటి వేస్తానంటున్నావు. పైగా మనకి 50 అక్కర్లేదు. 2022లో ట్రాన్స్ వాళ్ల వైద్యం మీద వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో 10 మిల్లీగ్రాములే ఉంది. ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడితే మెదడు పొరల్లో మెనింజియోమా అనే గడ్డ వచ్చే ప్రమాదం ఉందని 2020లో యూరప్ మందుల సంస్థ దాని వాడకం మీద ఆంక్షలు పెట్టింది. కాలేయాన్ని కూడా చూసుకోవాలి, మనసు కూడా కుంగుతుంది. ఈ మధ్య ఏ కారణం లేకుండా ఏడుపొస్తోందన్నావు, గుర్తుందా? అదే కారణమని నేను తేల్చి చెప్పను, కానీ డాక్టరుకి చెప్పాల్సిన మొదటి మాట అదే. నీ అంతట నువ్వు ఆపొద్దు, తగ్గించమని అడుగు. దాని బదులు స్పైరొనోలాక్టోన్ ఇస్తే ఒంట్లో పొటాషియం పెరుగుతుంది, బీపీ తగ్గుతుంది, ఊరికే మూత్రం వస్తుంది. ఎండలో తిరిగొచ్చి రెండేసి కొబ్బరి బొండాలు తాగే అలవాటు నీకు ఉంది, కొబ్బరినీళ్లలో పొటాషియం చాలా ఉంటుంది, ఆ మందు మీద ఉండగా అది మానుకోవాలి, పొటాషియం పరీక్ష కూడా చేయించుకోవాలి.

ఇక ప్రొజెస్టిరాన్. అది విషమని నేను అనడం లేదు. ఛాతీ పెంచుతుందని చాలామంది నమ్ముతారు, కానీ అదే 2022 మార్గదర్శకాల ప్రకారం ఆ మాట నిలబెట్టడానికి సరిపడా ఆధారం లేదు. 2002లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనంలో ఈస్ట్రోజన్‌తో పాటు మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు పెరిగాయి. అది కృత్రిమ మందు, నీ చేతిలో ఉన్నది సహజ రకం, రెండూ ఒకటి కాదు, అందుకని భయపెట్టను. కానీ మన పిల్లలు కొందరు అంతర ఇంజక్షన్ వేయించుకుంటున్నారు చూడు, గర్భం రాకుండా మూడు నెలలకోసారి ఇచ్చేది, అందులో ఉన్నది ఆ మెడ్రాక్సీప్రొజెస్టిరానే, 150 మిల్లీగ్రాములు. ఒకసారి ఎక్కించాక పడకపోతే వెనక్కి తీసే దారి లేదు, మూడు నెలలు భరించాల్సిందే. దాని జోలికి వెళ్లొద్దు.

నేను సహజ రకం క్యాప్సూల్ ఆరు నెలలు వాడాను, డాక్టరు రాసిస్తేనే, రాత్రిపూట 100 మిల్లీగ్రాములు. నిద్ర బాగా పట్టింది, అది నిజం, ఆ మందుకి మత్తు గుణం ఉంది, అందుకే పడుకునే ముందు ఇస్తారు. రెండో నెల నుంచి పొద్దున తల బరువు, మనసులో ఏదో మబ్బు. ఛాతీలో తేడా ఏమీ లేదు. ఆపేశాను. గాజువాకలో నా స్నేహితురాలు అదే మందుతో హాయిగా ఉంది, తనకి కోరిక కూడా తిరిగి వచ్చిందంటుంది. కాబట్టి ఒకరికి పడింది ఇంకొకరికి పడాలని లేదు. డాక్టరు సరేనంటే నువ్వూ వాడి చూడు, కానీ సైప్రోటిరాన్ సంగతి తేలాక, అది కూడా ఒక్కసారి ఒక్క మార్పే. నిద్ర, ఏడుపు, బరువు, రొమ్ము నొప్పి ఒక నోట్‌బుక్‌లో రోజూ రెండు ముక్కలు రాసుకో, మూడు నెలల తర్వాత చూసుకో. కొన్ని కంపెనీల క్యాప్సూళ్లలో వేరుశనగ నూనె ఉంటుంది, పల్లీలు పడనివాళ్లు పెట్టె మీద చదవాలి.

ఎనిమిది నెలలకి ఛాతీ రాలేదని దిగులు పడకు. మూడు నుంచి ఆరు నెలల మధ్య చనుమొన కింద చిన్న గడ్డలా మొదలవుతుంది, పూర్తిగా ఎదగడానికి రెండు మూడేళ్లు పడుతుంది. నొప్పిగా ఉందన్నావుగా, అది ఎదుగుదలే. గొంతు మాత్రం ఏ మాత్రకీ మారదు, గడ్డం వెంట్రుకలు పూర్తిగా పోవు, ఆ డబ్బు లేజర్‌కి దాచుకో.

నిర్వాణం (పురుషాంగం, వృషణాలు తీసేసే ఆపరేషన్) గురించి అడిగావు, దానికి వేరే ఉత్తరం రాస్తాను. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పాలి. అది అయిపోయాక సైప్రోటిరాన్ లాంటివి అక్కర్లేదు గానీ ఈస్ట్రోజన్ మానకూడదు. రెండు హార్మోన్లూ లేకపోతే ఎముకలు గుల్లబారిపోతాయి. నా గురువుగారు నిర్వాణం అయ్యాక ఏ మందూ వాడలేదు, చివరి రోజుల్లో బాత్రూంలో జారితే తుంటి విరిగింది. ఆవిడని ఎత్తుకుని కిందికి దించింది నేనే.

మన విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల విభాగం, ఉంది. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం 15వ సెక్షన్‌లో హార్మోన్ చికిత్స కూడా ప్రభుత్వం అందించాల్సిన వైద్యంలో ఉంది, కాబట్టి మనం అడుక్కోవడానికి వెళ్లడం లేదు. టీజీ కార్డు (ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు), మందుల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకో, ఎన్నెన్ని వేసుకున్నావో ఒక్కటి కూడా దాచకుండా కాగితం మీద రాసుకో. ఎప్పటికైనా నీ రక్తం పంచుకున్న బిడ్డ కావాలనిపిస్తే వీర్యం దాచిపెట్టే సంగతి కూడా అడుగు, అది హార్మోన్లకి ముందే జరగాల్సింది, నీకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు, ఆ తప్పు నాది.

సోమవారం పొద్దున పరగడుపున రా. ఏడున్నరకి జగదాంబ జంక్షన్ దగ్గర నిలబడతాను, ముందు ల్యాబ్‌కి వెళ్లి రక్తం ఇచ్చేద్దాం, తర్వాత టిఫిన్ తిని ఓపీ చీటీ తీసుకుందాం. లోపలికి నేనూ వస్తాను. ఆ క్యాప్సూల్స్ పెట్టె కూడా తీసుకురా, మూత తీయకుండా.

మీ అక్క