ప్రాసెసర్‌ను కంప్యూటర్‌కు కలిపే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీవు బాస్ జీటీ-1 అనే గిటార్ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ (గిటార్ ధ్వనిని రకరకాలుగా మార్చే యంత్రం) కొన్నావనీ, దానిని కంప్యూటర్‌కు కలిపి నీ ధ్వనులను నీవే తీర్చిదిద్దుకోబోతున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. సంతోషించాను, కలవరపడ్డాను కూడా. పర్లాకిమిడి నుండి బరంపురం వరకూ, అటు ఇచ్ఛాపురం వరకూ మెలొడీ ప్రోగ్రాములలో గిటార్ వాయించి బతికినవాడిని నేను. మన ఇంట్లో ఆ వాద్యం నాతోనే ఆగిపోతుందని అనుకున్నాను, ఆగలేదు. కనుక ఈ ఉత్తరం పొడుగైనా ఓపికతో చదువు.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం పెద్ద పని కాదు. బాస్ సంస్థ వెబ్‌సైటులో జీటీ-1 కోసం ఇచ్చిన డ్రైవర్‌నూ (కంప్యూటర్ ప్రాసెసర్‌ను గుర్తుపట్టేలా చేసేది), బాస్ టోన్ స్టూడియోనూ (ధ్వనులను తెర మీద మార్చుకునే ఎడిటర్) దించుకుని, ముందు డ్రైవర్‌ను ఎక్కించి, ఆ తరువాతనే యూఎస్‌బీ కేబుల్ తగిలించు. కంప్యూటర్‌కు ప్రాసెసర్ కనబడకపోతే ముందుగా కేబుల్‌ను అనుమానించు. కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలు మాత్రమే ఉంటాయి, సమాచారం మోసే తీగలు రెండూ ఉండవు. అటువంటి దానితో ఎంతసేపు తంటాలు పడినా ఫలితం ఉండదు.

అడాప్టర్ విషయంలో మాత్రం నిన్ను ముందే మందలిస్తున్నాను. జీటీ-1కు కావలసినది 9 వోల్టుల డీసీ, అదీ మొన లోపలి భాగం నెగటివ్‌గా ఉన్నది. ఇంట్లో దొరికే అడాప్టర్లలో చాలావాటికి లోపలి భాగం పాజిటివ్‌గా ఉంటుంది. మొన సరిగ్గా పట్టింది కదా అని ఏదో ఒకటి గుచ్చకు. అడాప్టర్ మీద ముద్రించిన గుర్తు చూడు. సరైన అడాప్టర్ లేనినాడు నాలుగు ఏఏ బ్యాటరీలు వేసుకుని వాయించు.

ఇక అసలు సంగతి. మా బృందంలో లీడ్ గిటార్ వాయించే కుర్రవాడు ఒకడు ఉండేవాడు, నీ వయసువాడే. మరో కంపెనీ ప్రాసెసర్ అతనిది. ఏ పాటకు ఏ డిలే (ప్రతిధ్వని), ఏ గాయకుడి వెనుక ఎంత రివర్బ్ (హాలులో మోగినట్టుండే గుంజు) అని రాత్రుళ్లు కూర్చుని ప్యాచ్‌లు, అంటే దాచుకున్న ధ్వని అమరికలు, కట్టుకున్నాడు. బరంపురంలో రెండేళ్లకొకసారి వచ్చే బుడి ఠాకురాణి యాత్రకు మాకు ప్రోగ్రాం కుదిరింది. ఆ రోజు మధ్యాహ్నం అతను ఎడిటర్ తెరవగానే కొత్త ఫర్మ్‌వేర్ (ప్రాసెసర్‌ను లోపలి నుండి నడిపే సాఫ్ట్‌వేర్) వచ్చిందని తెర మీద కనబడింది, అతను సరేనని నొక్కాడు. కంప్యూటర్ డెస్క్‌టాప్, యూపీఎస్ లేదు. సగం ఎక్కిన తరువాత వీధి మొత్తానికి కరెంటు పోయింది. కరెంటు తిరిగి వచ్చాక ప్రాసెసర్ వెలిగింది కానీ ఏ బటనుకూ పలకలేదు. ఆ రాత్రి అతను ప్రాసెసర్ లేకుండా గిటార్‌ను నేరుగా ఆంప్‌లో (ధ్వనిని పెద్దది చేసే యాంప్లిఫయర్) గుచ్చి వాయించాడు. వేదిక వెనుక అతని చేతులు వణకడం నేను చూశాను. తరువాత కంపెనీ సూచనల ప్రకారం యంత్రాన్ని అప్‌డేట్ మోడ్‌లో తెరిచి బాగుచేసుకోగలిగాడు. అందులో మిగిలినవి కంపెనీ ఇచ్చిన ప్యాచ్‌లు మాత్రమే. తాను కట్టుకున్నవి ఒక్కటీ దక్కలేదు, ఎందుకంటే వాటి నకలు ఎక్కడా లేదు. యంత్రం పోయినా అతను అంత కుంగేవాడు కాడు. ఎన్నో రాత్రుళ్లు చెవి పెట్టి వెదికి పట్టుకున్న ధ్వనిని జ్ఞాపకంతో మళ్లీ కట్టడం ఎంత కష్టమో నీవు ఊహించలేవు. ఆ తరువాత చాలాకాలం అతను ఒక్క ప్యాచ్ కూడా కొత్తగా కట్టలేదు. అతనిని నేను తిట్టలేదు. నిన్ను మాత్రం ఇప్పుడే తిడుతున్నాను, ముందే తిడితే ఉపయోగం ఉంటుందని.

కాబట్టి నాయనా, టోన్ స్టూడియో తెరిచిన మొదటి రోజునే, ఏ నాబూ తిప్పకముందే, ప్రాసెసర్‌లోని 99 యూజర్ ప్యాచ్‌లనూ కంప్యూటర్‌లోకి తెచ్చుకుని లైవ్‌సెట్ ఫైలుగా (ప్యాచ్‌లన్నీ కలిపి దాచే టోన్ స్టూడియో ఫైలు) దాచు. తరువాత మంచి ధ్వని కుదిరిన ప్రతిసారీ తేదీ వేసి కొత్త ఫైలు దాచు. పాతదాని మీద రాయకు. సిస్టం సెట్టింగులను ఒక కాగితం మీద వేరుగా రాసుకో. తెర మీద మార్చినంత మాత్రాన ప్రాసెసర్‌లో నిలిచిపోయిందని అనుకోకు. రైట్ (write, అంటే ప్రాసెసర్‌లో భద్రపరచడం) చేయకుండా వేరే ప్యాచ్‌కు వెళితే ఆ మార్పు పోతుంది.

ఫర్మ్‌వేర్ ఎక్కించవలసి వస్తే ల్యాప్‌టాప్ మీదనే చెయ్యి, దాని బ్యాటరీ నిండుగా ఉండగా. అప్పుడు కూడా ప్రాసెసర్ అడాప్టర్ గోడ కరెంటు మీదే ఉంటుందని మరచిపోకు. మీ ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ మీట ఉంటే దానిని ఆ వైపు ఉంచు. మామూలు మోడ్‌లో కరెంటు మారే క్షణంలో కలిగే విరామం ఇటువంటి పనికి ఎక్కువే. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తరువాత మన గంజాం జిల్లా ఎన్ని రాత్రులు చీకట్లో గడిపిందో నీకు గుర్తుండకపోవచ్చు, నాకు గుర్తుంది. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో ఆ పని తలపెట్టకు.

ధ్వని కట్టేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకో. ఇంట్లో అమ్మ నిద్ర చెడకూడదని తక్కువ శబ్దంలో వింటావు. అంత మెల్లగా విన్నప్పుడు మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. వాటిని పెంచుకుని వేదిక మీదకు వెళితే బేస్ గుంయిమంటుంది, ట్రెబుల్ చెవిని కోస్తుంది. పగటిపూట, వేదిక మీద ఉండేంత శబ్దంలో ఒకసారి సరిచూడు. హెడ్‌ఫోన్స్‌తో కట్టినప్పుడూ, ఆంప్‌కు కలిపినప్పుడూ ఔట్‌పుట్ సెలెక్ట్‌ను (ప్రాసెసర్‌ను దేనికి కలిపావో దానికి చెప్పే సెట్టింగు) మార్చుకోవాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్ గుచ్చగానే గుర్రుమని మోత వస్తే ప్రాసెసర్‌ను నిందించకు. ఛార్జర్ తీసి చూడు, ప్లగ్గుకు ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. ఎర్త్ లేని ఇంట్లో తీగలు పట్టుకుని వాయించడం నాకు ఇష్టం లేదు.

వచ్చే యాత్రకు మీ బృందం కూడా వాయిస్తుందని విన్నాను. ఆ వారం ప్రాసెసర్‌లో ఏదీ మార్చకు. అంతకు ముందే నీ లైవ్‌సెట్ ఫైలు ఒక ప్రతి నాకు మెయిల్ చెయ్యి. నా కంప్యూటర్‌లో నీ పేరుతో దాచి ఉంచుతాను.

ఇట్లు,
నీ మామయ్య
పర్లాకిమిడి